పాత సీసాల పాలియస్టర్ నేతగుడ్డ: వ్యాపారానికి, పరిశ్రమకు ఎంచుకునే విధానం

తిరుపతిలో సంచులు కుట్టే చిన్న యూనిట్ల నుంచి శ్రీసిటీలోని ఫ్యాక్టరీల కొనుగోలు విభాగాల వరకు ఇప్పుడు "రీసైకిల్డ్ పాలియస్టరే కావాలి" అన్న మాట తరచుగా వినిపిస్తోంది. ఆర్డరు కాగితం మీద ఆ మాట కనిపించగానే మీటరు ధర అడిగి తానులు తెప్పించేవారు చాలామంది ఉన్నారు. అది తొందరపాటు. రీసైకిల్డ్ అన్న మాట దారం ఎక్కడ పుట్టిందో చెబుతుంది గానీ, ఆ దారంతో నేసిన గుడ్డ ఎంత బరువు మోస్తుందో, ఎండకు ఎన్నాళ్లు నిలుస్తుందో, వానను ఆపుతుందో లేదో చెప్పదు. కనుక పనికి తగిన గుడ్డ ఏదో ముందు తేల్చుకుని, అదే గుడ్డను రీసైకిల్డ్ దారంతో అడగాలి. అది నిజంగా సీసాల నుంచే వచ్చిందా అన్న రుజువు ఆ తర్వాతి మెట్టు. ఈ వరుస తారుమారు చేసి నేను ఒకసారి నష్టపోయాను. ఆ సంగతి కింద సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

సీసా దారమయ్యే దారి

నీళ్ల సీసా, పాలియస్టర్ చొక్కా రసాయనికంగా ఒకే పదార్థం. సేకరించిన సీసాలను రంగుల వారీగా వేరు చేసి, ముక్కలుగా నరికి, వేడి నీటిలో కడుగుతారు. మూతలు వేరే ప్లాస్టిక్ కనుక నీటి మీద తేలుతాయి, సీసా ముక్కలు మునుగుతాయి. వాటిని విడదీయడానికి ఈ తేడాయే ఆధారం. ఆరబెట్టిన ముక్కలను సుమారు 250 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ పైన కరిగించి, వడకట్టి, గుళికలుగా చేసి, వాటి నుంచి దారం తీస్తారు. కరిగించే ముందు ముక్కల్లో తేమ మిగిలిపోయినా, పీవీసీ వంటి వేరే ప్లాస్టిక్ కలిసినా పాలియస్టర్ అణువుల పొడవాటి గొలుసులు తెగి దారం బలహీనపడుతుంది. మంచి రీసైకిల్డ్ దారానికీ నాసిరకానికీ తేడా చాలావరకు ఈ శుభ్రత, ఆరబెట్టడం దగ్గరే పుడుతుంది.

సంచి, యూనిఫారం, కర్టెన్ వంటి మామూలు ఉపయోగాలకు బాగా చేసిన రీసైకిల్డ్ దారానికీ కొత్త దారానికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మామూలు పాలియస్టర్ దారం బలం డెనియరుకు (దారం మందాన్ని చెప్పే కొలత, వివరం కింద ఉంది) 4 నుంచి 5 గ్రాములు. బరువులెత్తే స్లింగులకు, కన్వేయర్ బెల్టులకు వాడే దారానికి 7 నుంచి 9 గ్రాముల బలం కావాలి, దానికి ఇంకా పొడవైన గొలుసులు అవసరం. మామూలు రీసైక్లింగ్‌లో గొలుసులు పొట్టివవుతాయి కనుక వాటిని మళ్లీ పెంచే ప్రత్యేక ప్రక్రియ జరగాలి. గ్రానైట్ దిమ్మెలు ఎత్తే పనికి "ఇది కూడా పాలియస్టరే కదా" అని మామూలు రీసైకిల్డ్ పట్టీని వాడడం ప్రాణాలతో ఆడుకోవడమే.

ఇంకొక సాధారణ గందరగోళం ఉంది. బజారులో "వోవెన్ సంచి", "నాన్ వోవెన్ సంచి" అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్. ఎరువుల బస్తా కూడా అదే. గుడ్డ ముక్కను సబ్బు నీటిలో బాగా పిండి, గాలి బుడగలు పోయాక బకెట్లో వదిలితే పాలీప్రొపిలీన్ తేలుతుంది, పాలియస్టర్ మునుగుతుంది. కోటింగ్ ఉన్న గుడ్డకు ఈ పరీక్షను నమ్మరాదు; అప్పుడు అంచు నుంచి నాలుగు పోగులు లాగి వాటితోనే చూడాలి.

ముందు పని, తర్వాత గుడ్డ

ఒక తెల్లకాగితం మీద ఆ గుడ్డ చేయవలసిన పనిని రాసుకోవాలి. ఎంత బరువు మోయాలి, ఎండలో ఎన్ని నెలలు ఉండాలి, ఎన్నిసార్లు ఉతకాలి, నిప్పు, ఆవిరి, ఆమ్లం, క్షారం వీటిలో ఏది తగులుతుంది, మనిషి ఒంటిని తాకుతుందా, ఆహారాన్ని తాకుతుందా అన్న ప్రశ్నలకు జవాబు రాసుకుంటే సగం రకాలు వాటంతటవే పక్కకు పోతాయి.

యాత్రికుల సంచులు, ఆఫీసు బ్యాగులు, పనిముట్ల సంచులకు 600 డెనియర్ గుడ్డ సరిపోతుంది. లోపలి అస్తరుకు 210 డెనియర్ చాలు. ఈడ్చుకుపోయే పెట్టెలకు, పనిముట్ల బరువు పడే అడుగుభాగానికి 1680 డెనియర్ వైపు వెళ్లాలి. తేలికగా ఉండి చిరుగు పాకకుండా ఉండవలసిన కవర్లకు రిప్‌స్టాప్ నేత మంచిది. అందులో కొద్ది దూరానికొకసారి మందమైన పోగు గళ్లుగా వస్తుంది కనుక చిన్న చిల్లు ఆ గడి దగ్గరే ఆగిపోతుంది.

యూనిఫారాల విషయంలో నా అభిప్రాయం కొంత కఠినంగానే ఉంటుంది. పాలియస్టర్ గాలిలోని తేమను తన బరువులో 0.4 శాతమే పీలుస్తుంది. నూలు 8 శాతం దాకా పీలుస్తుంది. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన ఎండలో గేటు దగ్గర నిలబడే కాపలాదారుకు పూర్తి పాలియస్టర్ చొక్కా తొడిగి, అది పర్యావరణానికి మంచిదని చెప్పడం న్యాయం కాదు. అక్కడ రీసైకిల్డ్ పాలియస్టరును నూలుతో గానీ విస్కోసుతో గానీ కలిపి నేసిన గుడ్డ తీసుకోవాలి. ఏసీ గదుల్లో పనిచేసేవారికి, ప్యాంట్లకు, ఆప్రాన్లకు పాలియస్టర్ శాతం ఎక్కువున్నా ఇబ్బంది ఉండదు. పొడవాటి ఫిలమెంటు దారంతో నేసిన గుడ్డ కంటే, పొట్టి పీచును వడికిన దారంతో నేసిన గుడ్డ మీద ఉండలు త్వరగా లేస్తాయి కనుక, చంకలు, మోచేతులు ఎక్కువ రాసుకునే పనివారి దుస్తులకు ఉండలు లేచే పరీక్ష ఫలితం తప్పక అడగాలి.

నిప్పు దగ్గర మాత్రం ఎలాంటి సర్దుబాటూ వద్దు. పాలియస్టర్ మంటకు ముడుచుకుని, కరిగి, బొట్లుగా కారుతుంది. ఆ బొట్టు చర్మానికి అంటుకుంటే గాయం లోతుగా దిగుతుంది. వెల్డింగ్ షాపులకు, బాయిలర్ల దగ్గర పనిచేసేవారికి, చిత్తూరు వైపు బెల్లం వండే పొయ్యిల దగ్గర ఉండేవారికి మామూలు పాలియస్టర్ ఏ రూపంలోనూ ఇవ్వరాదు. కల్యాణ మండపాల తెరలకు, పెద్ద గుడారాలకు మంట పాకకుండా చేసిన రకం అడగాలి. అయితే ఆ గుణం గుడ్డకు పైపూతగా వచ్చిందా, దారంలోనే ఉందా అన్నది తెలుసుకోవాలి. పైపూత ఉతుకులతో తగ్గిపోవచ్చు.

రేణిగుంట, శ్రీసిటీ ప్రాంతాల్లోని ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల అవసరం వేరు. పాలియస్టర్ మీద స్థిర విద్యుత్తు సులభంగా పేరుకుంటుంది, అది సున్నితమైన చిప్పును పాడుచేస్తుంది. అందుకే అక్కడి కోట్లకు కార్బన్ కలిపిన వాహక దారాన్ని గళ్లుగానో చారలుగానో నేసిన గుడ్డ వాడతారు. గుడ్డ రీసైకిల్డ్ అయినా కాకపోయినా ఆ వాహక దారం, దాని ఉపరితల నిరోధం పరీక్ష ఫలితం ఉండి తీరాలి.

రసాయనాల సంగతి చాలామంది పట్టించుకోరు. పాలియస్టర్ ఆమ్లాన్ని బాగానే తట్టుకుంటుంది. ట్యూబులర్ బ్యాటరీలలో పాజిటివ్ ప్లేటుకు తొడిగే గొట్టపు తొడుగును పాలియస్టరుతో నేయడానికి కారణం అదే. వేడి క్షారం ముందు మాత్రం అది నిలవదు, కాస్టిక్ సోడా వేడి ద్రావణం దాన్ని పొరలు పొరలుగా తినేస్తుంది. వేడి ఆవిరి, తేమ కలిసి చాలాకాలం తగిలినా గొలుసులు తెగుతాయి. పాల కేంద్రాల్లోనూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ పాత్రలు, పైపులు కాస్టిక్‌తో కడుగుతారు కనుక, ఆ కడుగుడు తగిలే చోట పాలియస్టర్ వడపోత గుడ్డ బదులు పాలీప్రొపిలీన్ గుడ్డ గురించి ఆలోచించాలి. ఇక గుజ్జును, పాలను నేరుగా తాకే చోట సాధారణ రీసైకిల్డ్ గుడ్డను వాడనే వద్దు. ఆహారాన్ని తాకే రీసైకిల్డ్ ప్లాస్టిక్కుకు ప్రత్యేక అనుమతి నియమాలున్నాయి, సంచుల కోసం నేసిన గుడ్డ వాటి కిందకు రాదు.

బయట ఎండలో ఉండే గుడారాలకు, షాపు ముందరి పందిళ్లకు పాలియస్టర్ మంచి ఎంపికే. అతినీలలోహిత కిరణాలను నైలాన్ కన్నా, స్టెబిలైజర్ కలపని పాలీప్రొపిలీన్ కన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. అయినా రంగు వెలిసే ప్రమాదం ఉంది. నేసిన తర్వాత రంగు అద్దిన గుడ్డ కంటే, కరిగిన దశలోనే రంగు కలిపి తీసిన దారంతో నేసిన గుడ్డ ఎండకు చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. అలాంటి గుడ్డకు ఎంచుకోగల రంగులు తక్కువ, కనీస ఆర్డరు ఎక్కువ. అయినా నాలుగు వేసవులు పందిరి మీద ఉండవలసిన గుడ్డకు ఆ షరతును భరించడమే లాభం.

అంకెలను చదవడం

డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం బరువు, గ్రాములలో. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ బరువు. ఈ రెండూ చూసి ఊరుకుంటే మోసపోతారు, ఎందుకంటే వాటి మధ్య ఉన్న మూడో అంకె, అంటే అంగుళానికి పడుగు, పేక పోగులు ఎన్ని అన్నది, బేరంలో ఎవరూ తామంతట తాము చెప్పరు.

నాకు జరిగింది ఇదే. మూడేళ్ల కిందట ఒక సంస్థ సమావేశానికి భుజం సంచుల ఆర్డరు వచ్చింది. దూరపు సరఫరాదారు పంపిన శాంపిల్ ముక్క 600 డెనియర్, 250 జీఎస్ఎం, కోటింగ్ వేసిన గుడ్డ. రీసైకిల్డ్ పత్రం కూడా సక్రమంగానే ఉంది, నేను ఆ పత్రం చూసిన సంతోషంలో మిగతాది చూడలేదు. సరుకు వచ్చాక తూచి చూస్తే అదీ 250 జీఎస్ఎమ్మే. సంచులు కుట్టి ఇచ్చిన పది రోజులకే పట్టీలు ఊడి వచ్చాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. కుట్టు తెగలేదు, కుట్టు పట్టుకున్న పోగులే పక్కకు జారిపోయాయి. భూతద్దం పెట్టి లెక్కపెడితే శాంపిల్‌లో పడుగు, పేక కలిపి అంగుళానికి 70 పోగులుంటే వచ్చిన సరుకులో 58 మాత్రమే ఉన్నాయి. తగ్గిన దారం బరువును వెనకవైపు కోటింగ్ మందం పెంచి పూడ్చారు.

లెక్క కష్టమైనది కాదు. అంగుళానికి 70 పోగులంటే చదరపు మీటరులో సుమారు 2,756 మీటర్ల దారం. 600 డెనియర్ లెక్కన దాని బరువు 184 గ్రాములు, నేతలో దారం వంపులు తిరగడం వల్ల 190 దాటుతుంది. 250 జీఎస్ఎం గుడ్డలో మిగిలిన 55, 60 గ్రాములు కోటింగ్ అన్నమాట. 58 పోగులకు అదే లెక్క వేస్తే దారం 152 గ్రాములే, వంపులు కలిపినా 160. అంటే కోటింగ్ 90 గ్రాములు. కాబట్టి కొనుగోలు ఆర్డరులో కోటింగ్ లేని గుడ్డ బరువు, పడుగు డెనియర్, పేక డెనియర్, అంగుళానికి పోగులు, కోటింగ్ బరువు వేర్వేరుగా రాయించుకోవాలి. పోగుల లెక్కకు పిక్ గ్లాస్ అనే చిన్న భూతద్దం చాలు.

కోటింగ్ రకాన్నీ అడగాలి. పీయూ (పాలీయురేథేన్) కోటింగ్ మెత్తగా, తేలికగా ఉంటుంది, కానీ వేడి, తేమ కలిసిన గోదాములో ఏళ్ల తరబడి పడి ఉంటే జిగటగా మారి పొరలుగా ఊడవచ్చు. పీవీసీ కోటింగ్ బరువైనది, టార్పాలిన్ల వంటి మోటు పనికి నిలుస్తుంది. గుడ్డ ఎంత ఎత్తు నీటిని ఆపుతుందో మిల్లీమీటర్లలో చెబుతారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు కురిసే ఏకధాటి వానలకు గుడారం గుడ్డ కావాలనుకునేవారు ఆ అంకెను నోటి మాటగా నమ్మకుండా ఇంట్లోనే చూడవచ్చు. మీటరుకు పైన పొడవున్న ప్లాస్టిక్ పైపు ఒక చివర గుడ్డను గట్టిగా బిగించి, నిలబెట్టి, మీటరు ఎత్తున నీళ్లు పోసి గంటసేపు ఉంచాలి. అవతల చుక్క కనిపించకపోతే 1,000 మిల్లీమీటర్లు తట్టుకున్నట్టే. అలాగే కోటింగ్ మీద సెల్లో టేపు గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగితే, పొర వెంట వచ్చేదీ రానిదీ తెలిసిపోతుంది.

రీసైకిల్డ్ అన్నదానికి రుజువు

సీసాల నుంచి తీసిన దారమూ కొత్త దారమూ ఒకే పదార్థం కనుక, గుడ్డ ముక్కను ప్రయోగశాలకు పంపి ఇందులో రీసైకిల్డ్ ఎంత శాతమో నమ్మకంగా తేల్చుకోవడం సాధ్యం కాదు. చేతితో తాకి చెప్పేవారి మాట అసలే వినవద్దు. కాగితాల గొలుసు ఒక్కటే దారి.

ఈ రంగంలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ నిర్వహించే రెండు ప్రమాణాలు. గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్, అంటే జీఆర్ఎస్, కనీసం 20 శాతం రీసైకిల్డ్ పదార్థం ఉన్న ఉత్పత్తులకు వర్తిస్తుంది. వస్తువు మీద దాని గుర్తు వేసుకోవాలంటే కనీసం 50 శాతం ఉండాలి. అందులో రసాయనాల వాడకం, కార్మికుల పరిస్థితులు, మురుగునీటి వంటి విషయాలూ ఉంటాయి. రీసైకిల్డ్ క్లెయిమ్ స్టాండర్డ్ 5 శాతం నుంచే మొదలవుతుంది, పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందన్న లెక్కను మాత్రమే చూస్తుంది. రెంటిలోనూ ఫ్యాక్టరీలో మిగిలిన వ్యర్థం కూడా రీసైకిల్డ్ కిందకే వస్తుంది. మీ కొనుగోలుదారుకు వాడి పారేసిన సీసాల నుంచే కావాలంటే ఆ మాట విడిగా రాయాలి.

సరఫరాదారు గోడకు తగిలించిన స్కోప్ సర్టిఫికెట్ ఆ యూనిట్‌కు అర్హత ఉందని మాత్రమే చెబుతుంది. మీకు వచ్చిన ఈ తానులు ఆ అర్హత కింద తయారయ్యాయని చెప్పేది ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. అందులో మీ పేరు, సరుకు పరిమాణం, ఇన్‌వాయిస్ వివరాలు ఉంటాయి. అది సాధారణంగా సరుకు బయలుదేరిన తర్వాతే జారీ అవుతుంది కనుక, బిల్లులో కొంత భాగాన్ని ఆ పత్రం చేతికి వచ్చాకే చెల్లించే షరతు ముందే పెట్టుకోవడం మంచిది. పత్రం మీది కిలోలకూ మీ తానుల బరువుకూ పొంతన చూడాలి.

ఇక్కడ మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాలు ఉన్నాయి, పత్రమున్న రీసైకిల్డ్ దారం కొని మనవారి చేతనే నేయించుకుందామన్న ఆలోచన సహజం, మంచిది కూడా. కానీ దారం మిల్లుకు పత్రం ఉండి నేసే యూనిట్‌కు లేకపోతే గొలుసు అక్కడే తెగిపోతుంది; ఆ గుడ్డను జీఆర్ఎస్ గుడ్డగా అమ్మే వీలుండదు. స్థానిక దుకాణానికి సంచులు కుట్టేటప్పుడు ఇది అడ్డం కాదు, ఎగుమతి ఆర్డరుకు అడ్డమే. పైగా తేలిక గుడ్డకు అమర్చిన మగ్గం 600 డెనియర్ మోటు దారాన్ని అదే బిగుతుతో నేయగలదా అన్నది 10 మీటర్లు నేయించి చూసుకోవాలి.

"ఒక్క సంచితో పది సీసాలు కాపాడాం" వంటి రాతలు ముద్రించే ముందు కాటా మీద ఒక ఖాళీ సీసానూ ఒక సంచినీ పెట్టి చూడండి. లీటరు సీసా 20 గ్రాములు, సంచి గుడ్డలో దారం బరువు 120 గ్రాములు, అందులో రీసైకిల్డ్ సగం అయితే లెక్క మూడు సీసాలకు మించదు. రుజువు లేని పర్యావరణ ప్రకటనలను కట్టడి చేస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు తెచ్చింది కనుక ఇది వ్యాపారికి చిన్న విషయం కాదు. ధర సంగతి కూడా గమనించాలి: సేకరణ, కడుగుడు, పత్రాల ఖర్చు కలిసి రీసైకిల్డ్ దారం చాలాసార్లు కొత్త దారం కంటే ప్రియమే అవుతుంది. కొత్త దాని కంటే బాగా చౌకగా ఎవరైనా ఇస్తామంటే పత్రాన్ని రెండోసారి చదవాలి.

శాంపిల్ నుంచి గోదాము దాకా

సీసా ముక్కల రంగు లాటుకు లాటుకు కొద్దిగా మారుతుంది, వాటిలో లేత పసుపు ఛాయ ఉంటుంది. ముదురు నీలం, నలుపు రంగుల్లో అది దాగిపోతుంది గానీ తెలుపులో, లేత బూడిద రంగులో బయటపడుతుంది. అందుకే ఒక ఆర్డరుకు ఒకే లాటు అడగాలి; రెండు లాట్లు తప్పకపోతే ఒక్క సంచిలో రెండూ కలవకుండా కత్తిరింపు దగ్గరే వేరు చేయాలి.

రంగు నిలకడకు తడి తెల్లనూలు గుడ్డతో రుద్ది చూడడం, ముక్కలో సగాన్ని అట్టతో కప్పి మిద్దె మీద నెల రోజులు ఎండబెట్టడం ఎవరైనా చేయగల పరీక్షలు. పెద్ద ఆర్డరుకు అవి చాలవు. భారతీయ ప్రమాణాలైన (ఐ.ఎస్.) పద్ధతుల్లో తెగే బలానికి ఐ.ఎస్. 1969, చదరపు మీటరు బరువుకు ఐ.ఎస్. 1964, పోగుల లెక్కకు ఐ.ఎస్. 1963 పేర్కొని, వాటితో పాటు చిరుగు బలం, కుట్టు దగ్గర పోగుల జారుడు ఫలితాలు అడగాలి. కోయంబత్తూరులోని సిట్రా (దక్షిణ భారత జౌళి పరిశోధన సంఘం) వంటి సంస్థల ప్రయోగశాలల్లో వీటిని చేయించుకోవచ్చు.

తానులు దిగినప్పుడు మొదటి పని కాటా. 58 అంగుళాల పన్నా అంటే 147 సెంటీమీటర్లు. 220 జీఎస్ఎం గుడ్డ 100 మీటర్ల తాను, అట్టగొట్టం బరువు తీసేసి, 32 కిలోలకు కాస్త పైన తూగాలి. 29 కిలోలే తూగితే మీటర్లైనా తగ్గాయి, జీఎస్ఎం అయినా 200 లోపుకు దిగింది. ఆ తర్వాత పది తానులకు ఒకటి చొప్పున పూర్తిగా విప్పి వెలుతురుకు ఎదురుగా చూడాలి. బట్టల వ్యాపారంలో వాడే నాలుగు పాయింట్ల పద్ధతిలో 3 అంగుళాల లోపు లోపానికి ఒక పాయింటు, 9 అంగుళాలు దాటినదానికి నాలుగు పాయింట్లు వేస్తారు. 100 చదరపు గజాలకు 40 పాయింట్లు దాటితే సాధారణంగా ఆ తానును తిప్పి పంపుతారు. ఈ పరిమితిని బేరం రోజే కాగితం మీద పెట్టాలి, సరుకు దిగాక మాట్లాడితే తగవు తప్ప ఫలితం ఉండదు.

కుట్టేటప్పుడు మెషిన్ వేగం ఎక్కువైతే సూది వేడెక్కి పోగులు కరిగి చిల్లు పెద్దదవుతుంది కనుక మందపు గుడ్డకు వేగం తగ్గించమని టైలరుకు చెప్పాలి. అంచులను వేడి కత్తితో కోస్తే పోగులు ఊడవు. ముద్రణకు సబ్లిమేషన్ పద్ధతి, అంటే వేడితో రంగును ఆవిరిగా మార్చి దారంలోకి దించేది, పాలియస్టరుకు బాగా కుదురుతుంది, అయితే దానికి 200 డిగ్రీల దాకా వేడి కావాలి కనుక కోటింగ్ ఉన్న గుడ్డ మీద ముందు ఒక ముక్కతో చూసుకోవాలి.

ప్రతి లాటు నుంచి అర మీటరు ముక్క కోసి, దాని మీద తేదీ, ఇన్‌వాయిస్ నంబరు, పోగుల లెక్క, తూకం రాసి, ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ నకలుతో కలిపి ఒక ఫైలులో పెట్టడం మా యూనిట్‌లో ఇప్పుడు అలవాటు. పట్టీలు ఊడిన ఆ సంచుల తగవులో చివరికి నాకు డబ్బు కొంతైనా తిరిగి వచ్చిందంటే, మొదటి శాంపిల్ ముక్కను పారేయకుండా సొరుగులో ఉంచడం వల్లే.